తెల్లారింది బాబాయ్

ఆయమ్మ పొద్దున్నే డ్యూటీకి రాగానే బయటి చెప్పులు విడిచి వార్డు చెప్పులు తొడుక్కునేది. చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, వాటి చల్లదనం పోయేదాకా తువ్వాల్లో చుట్టుకుని నిలబడేది. ఆ తర్వాత ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్ళి, దుప్పటి కింద పాదం పట్టుకుని, ఆ మనిషికి తెల్లవారిన సంగతి చెప్పేది.

“తెల్లారింది పెద్దత్తా. రాత్రంతా ఒకటే ఈదురుగాలి. పక్కింటివాళ్ళ రేకు ఎగిరొచ్చి మా గుమ్మంలో పడింది. ఎక్కడ తగువు పెట్టుకుంటామోనని ఆ రేకు వాళ్ళది కాదంటున్నారు.”

“తెల్లారింది తమ్ముడూ. ఆ గడ్డం చూడు, ముళ్ళకంపలా ఉంది. ఇవాళ గీసేస్తా, కదలకుండా పడుకో.” కదలొద్దని తనే అని, తనే నాలిక కరుచుకునేది.

“తెల్లారింది బాబాయ్. మబ్బేసింది. లేచి కూచుంటే నీకు బోలెడంత గిరాకీ.”

ఆ వార్డులో ఎవరూ జవాబు చెప్పరు. తలకు దెబ్బ తగిలినవాళ్ళు, మెదడులో నరం చిట్లినవాళ్ళు, నీళ్ళలో మునిగి ఊపిరి ఆలస్యంగా అందినవాళ్ళు అక్కడ పడుకుని ఉంటారు. కొందరి కళ్ళు తెరిచే ఉంటాయి. ఆ కళ్ళ ముందు చెయ్యి ఆడించినా రెప్ప పడదు. ముక్కులో గొట్టం గుండా ఆహారం పోయాలి, వీపు పుండు పడకుండా గంటగంటకూ పక్కకు తిప్పాలి, తడి దూదితో పెదవులు తుడవాలి, గోళ్ళు తీయాలి. ఆయమ్మ పని అదే. ఏ పని చేసినా ముందు చెప్పి చేసేది. “ఎడం పక్కకి తిప్పుతున్నా బాబాయ్, భయపడకు, నా చెయ్యి నీ వీపు కిందే ఉంది.” ఎవరింట్లోకైనా తలుపు తట్టకుండా చొరబడతామా, మనిషి ఒళ్ళు అంతకంటే పెద్ద ఇల్లు కదా అని ఆమె లెక్క. నర్సమ్మలు ఆమెకు కబుర్లాయమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు చెడ్డగా అనిపించలేదు.

ఆమెకు ఈ అలవాటు ఇంటి దగ్గరే వచ్చింది. పొద్దున్నే మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుని దేవుడితో నాలుగు మాటలు చెప్పుకునేది. పెద్ద కోరికలేం ఉండేవి కావు. మోకాలి నొప్పి, కోడలి కోపం, వార్డులో ఎవరికి జ్వరం తగిలిందో అదీ. దేవుడు ఏనాడూ జవాబు చెప్పలేదు. వినడం లేదని మాత్రం ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చెప్తూ చెప్తూ మాటలు సన్నబడి ఆగిపోయేవి. లోపల పెద్ద నిశ్శబ్దం పరుచుకునేది. ఆ నిశ్శబ్దంలో కాసేపు ఉండి, లేచి పనికి వచ్చేది.

కిటికీ పక్క మంచం బాబాయిది. గొడుగులు బాగుచేసే మనిషి. బజారు మలుపులో మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని, విరిగిన పుల్లలు మార్చి, గుడ్డకు కుట్లు వేసి ఇచ్చేవాడట. ఒకరోజు ఆ బల్ల ముందే ఒరిగిపోయాడు. అతన్ని తెచ్చిన నాడే కూతురు ఒక నల్ల గొడుగు పట్టుకొచ్చి మంచం కడ్డీకి తగిలించింది. అది అతను తన కోసం చేసుకున్న గొడుగు.

“మెలకువొస్తే ముందు ఇది కనబడాలి ఆయమ్మా. లేకపోతే బల్ల ఎవరెత్తుకుపోయారని గోల చేస్తాడు.”

కూతురు బట్టల కొట్టులో బిల్లులు కొట్టే పిల్ల. సాయంత్రం కొట్టు నుంచి సరాసరి వచ్చి, కుర్చీ మంచానికి ఆనించి లాక్కుని, తండ్రి చెవి దగ్గర వంగి మొదలుపెట్టేది. “నాన్నా, నీ అల్లుడు ఇవాళ కుక్కరు మాడ్చాడు. అడిగితే కుక్కరుదే తప్పన్నాడు. నీ మనవరాలికి ముందు పన్నూడింది. నీకు చూపిస్తానని దిండు కింద దాచిపెట్టింది.” ఆయమ్మ పక్క మంచం దుప్పటి మారుస్తూ ఆ కబుర్లు వినేది, మధ్యలో తనో మాట అందించేది. “వింటున్నావా బాబాయ్? అల్లుడు బాగా దొరికాడు నీకు.” ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

ఆయమ్మకే ఒక పొద్దున తోచింది. కడ్డీకి ఉన్న గొడుగు తీసి బాబాయి చెవి దగ్గర టప్పున విప్పింది. బతుకంతా విన్న చప్పుడు కదా, దీనికైనా లేస్తాడేమోనని ఆశ. లేవలేదు. అయినా ఆనాటి నుంచి రోజూ తెల్లారిందని చెప్పి, గొడుగు విప్పి మూసి మళ్ళీ తగిలించడం అలవాటైంది. నేల తుడిచే ఆమె, అందరూ బకెట్టమ్మ అంటారు, అది చూసి నవ్వేది. “అక్కా, గదిలో గొడుగేంటే? పైకప్పు కారుతోందని ఆఫీసుకి చెప్తావేమో చూసుకో!”

అలాంటి వార్డులోకి ఆ దీపాలు వచ్చాయి.

నుదుటికి చుట్టే మెత్తటి పట్టీ, దాని నుంచి సన్నటి తీగ, మంచం తలవైపు గోడకు చిన్న దీపం. పక్కనే మనిషి చెప్పే మాట లోపలి మనిషికి అందితే, మెదడులో పుట్టే అలజడిని ఆ పట్టీ పసిగడుతుంది, దీపం పచ్చగా వెలుగుతుంది. డాక్టరు గారు అందరినీ నిలబెట్టి నిదానంగా చెప్పారు. “వెలిగితే మనిషి వింటున్నట్టే. వెలగకపోతే వినడం లేదని అనుకోకండి. మనకి తెలియడం లేదని అర్థం. అంతే.” అందరూ తలూపారు. ఆయమ్మా ఊపింది.

పెద్దత్త దీపం మొదటి రోజే వెలిగింది. ఆమె కోడలు ఆ పచ్చటి వెలుగు చూసి నేల మీద కూలబడి ఏడ్చింది. “అత్తా, ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నావా? నేనేమేం తిట్టుకున్నానో అన్నీ విన్నావా?” అంది. ఏడుస్తూనే నవ్వింది. తమ్ముడి దీపమూ మెల్లగా వెలిగింది. ఆ రోజు వార్డులో అందరికీ డాక్టరు గారే టీ తెప్పించారు. అది మంచి రోజు. ఆ సంగతి ఆయమ్మ తర్వాతెప్పుడూ కాదనలేదు.

బాబాయి దీపం వెలగలేదు.

కూతురు సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. మనవరాలి మాట ఫోనులో రికార్డు చేసి వినిపించింది. ఊడిన పన్ను కథ మళ్ళీ చెప్పింది. ఆయమ్మ గొడుగు విప్పింది. ఇద్దరూ గోడకేసి చూశారు. మర్నాడూ చూశారు. ఇదివరకు ఆ పిల్ల తండ్రి ముఖం చూస్తూ మాట్లాడేది. ఇప్పుడు గోడను చూస్తూ మాట్లాడుతోంది. ఒక మాట అనడం, ఆగడం, పైకి చూడడం. అలా ఆగి ఆగి చెప్తే ఏ కబురు మాత్రం రుచిస్తుంది? కొన్నాళ్ళకి వచ్చి కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునేది. తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత ఆదివారాలు. “కొట్లో పని ఎక్కువైంది ఆయమ్మా. పిల్లకి ట్యూషను కూడా పెట్టాం,” అనేది వెళ్తూ వెళ్తూ. ఆ పిల్లను తప్పు పట్టడానికి ఆయమ్మకు నోరు రాలేదు. అలిసిపోయిన మనిషి, తలుపు తీయని ఇంటి ముందు ఎంతసేపని నిలబడుతుంది?

ఆయమ్మకు జరిగింది కూడా అదే. కాకపోతే ఆమెకు అది జరుగుతున్నట్టు తెలియలేదు.

మొదట బాబాయికి చెప్పే మాటలు పొట్టివయ్యాయి. దీపం వెలిగే మంచాల దగ్గర కాస్త ఎక్కువ సేపు మాట్లాడమని సిస్టరు చెప్పింది, అది సబబే కదా, వింటున్నవాళ్ళను ఊరికే వదిలేస్తామా? పెద్దత్తకు కబురు చెప్తే దీపం మినుకుమని వెలిగేది, ఆయమ్మకు ఒళ్ళు పులకరించేది. అక్కడి నుంచి కిటికీ పక్కకు వచ్చేసరికి నోట్లో తడి ఉండేది కాదు. “తెల్లారింది బాబాయ్,” అని మాత్రం అనేది. గొడుగు ముట్టుకోవడం మానేసింది. ఒక పొద్దున అతన్ని పక్కకు తిప్పి, వీపుకు పౌడరు రాసి, దుప్పటి సర్ది, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం టీ తాగుతుండగా గుర్తొచ్చింది, తను అతనితో ఒక్క మాటా మాట్లాడలేదని. బల్లను తుడిచినట్టు తుడిచి వచ్చింది.

రేపు చెప్దాంలే అనుకుంది. మర్నాడు పాదం పట్టుకుంటే మాట రాలేదు. నిన్న ఎందుకు పలకలేదని అతను అడుగుతున్నట్టు అనిపించి ముఖం చెల్లలేదు. వినేవాడైతే నిన్నటికి ఏం చెప్పాలి? వినకపోతే ఇవాళ మాత్రం ఎందుకు చెప్పాలి? చెయ్యి తీసేసి పనిలో పడింది. సిగ్గు ఒకరోజు అడ్డం పడితే రెండో రోజుకి అది గోడ అవుతుంది. వర్షాలు మొదలై, కిటికీ అద్దం మీద నీళ్ళు ధారలు కట్టాయి. అతనికి వాన వచ్చిన సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

ఇంటి దగ్గరా ఏదో పాడైంది. పొద్దున్నే కళ్ళు మూసుకుంటే దేవుడికి చెప్పే మాట సగంలో ఆగేది. ఆగి, తను దేనికోసమో చూస్తున్నట్టు ఉండేది. ఏదో వెలగాలన్నట్టు. ఏమీ వెలగదు. కళ్ళు తెరిచి, కాళ్ళు కిందికి దించుకుని, అలాగే కూర్చునేది. “అత్తయ్యా, ఒంట్లో బాలేదా?” అని కోడలు అడిగింది, కోపం పక్కన పెట్టి. “బానే ఉంది తల్లీ,” అంది.

ఒకరోజు పట్టీలు శుభ్రం చేసి సరిచూడడానికి కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. నెమ్మదైన మనిషి. కొత్త పట్టీ ఒకటి ఖాళీ మంచం దగ్గర తగిలించి పరీక్షిస్తుంటే బకెట్టమ్మ తుడుపుకర్ర గోడకు ఆనించి వచ్చింది.

“మేడం, నాకొకసారి పెట్టండి. నాకు బుర్ర లేదని మా ఆయన పెళ్ళైన కాణ్ణుంచీ అంటున్నాడు. ఇవాళ తేలిపోవాలి.”

పెట్టగానే దీపం భగ్గున వెలిగింది. వార్డంతా నవ్వింది. “ఫొటో తియ్యండి సిస్టర్, ఫొటో! ఇంటికెళ్ళి గోడకి తగిలిస్తా!” సిస్టరు కూడా పెట్టుకుంది. ఆమెకూ వెలిగింది. “కబుర్లాయమ్మకి పెడితే ఫ్యూజు పోద్దేమో!” అని ఎవరో అన్నారు. బకెట్టమ్మ ఆమెను చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

మెత్తటి పట్టీ నుదుటికి చల్లగా తగిలింది. అందరూ చూస్తుంటే ఆయమ్మకు సిగ్గేసి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. లోపల దేవుణ్ణి తలుచుకుంది. ఎన్నాళ్ళకో, మాటలు సన్నబడి, ఆ పాత నిశ్శబ్దం వచ్చింది. పక్కన ఎవరో తనతో మాట్లాడుతున్నారు, ఆమెకు స్పష్టంగా వినబడుతోంది. మేడం గొంతే. “మీ ఇంట్లో గది గదికీ నడుస్తున్నట్టు ఊహించండమ్మా.” ఊహించింది. వంటగది, మంచం, గుమ్మంలో ఎగిరొచ్చి పడ్డ రేకు. అంతా కనబడింది.

“అక్కా!” బకెట్టమ్మ పకపకా నవ్వుతోంది. “నీ లోపల ఎవరూ లేరటే!”

కళ్ళు తెరిచింది. దీపం వెలగలేదు.

మేడం పట్టీ సరిచేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వెలగలేదు. మేడం ముఖంలో కంగారేమీ లేదు. “ఇది మామూలేనమ్మా. నిక్షేపంలా ఉన్నవాళ్ళలో కూడా కొందరికి వెలగదు. ఒక్కొక్కరి మెదడు తీరు ఒక్కొక్కటి. మొదటిరోజే డాక్టరు గారు చెప్పారుగా?”

“చెప్పారు,” అంది ఆయమ్మ.

అవును, చెప్పారు. తను విన్నది, తలూపింది. ఆ మాట చెవిలో పడి, ఇన్నాళ్ళూ లోపలెక్కడో అలాగే పడుంది. విన్నా, తన లోపల ఏ దీపమూ వెలగలేదు. తను విన్న మాటకు తనే పలకలేదు కదా?

నవ్వు ఇంకా ఆగలేదు. ఆయమ్మ కూడా పెదవులు సాగదీసింది. పట్టీ తీసి ఇచ్చి లేచింది. కిటికీ పక్కకు వచ్చి బాబాయి పాదం పట్టుకుంది. వేడిగా ఉంది. రెండు రోజులుగా ఛాతీలో గురగుర, జ్వరం. అతని కళ్ళు తెరిచి ఉన్నాయి, పైకప్పు వైపు. ఆ కళ్ళలో ఏమీ లేదని ఎన్నాళ్ళనుంచో అనుకుంటోంది. ఇప్పుడు చూస్తే అక్కడ ఏమీ లేకపోవచ్చు, లేదా కూతురి కబురు కోసం, గొడుగు చప్పుడు కోసం, ఎవరైనా పలకరిస్తారని చూసి చూసి అలిసిన మనిషి ఉండొచ్చు. ఎలా తెలుస్తుంది? పక్కకు తిప్పేముందు ఎవరూ చెప్పకపోతే, ఎవరో చీకట్లో వచ్చి పట్టుకున్నట్టు ప్రతిసారీ గుండె జారిందేమో. దుప్పటి మారుస్తూ సిస్టరూ తనూ అతని మీదుగా, అతను లేనట్టే, ఏవేవో మాట్లాడుకున్నారు. “ఈయనకేం తెలుసులే” అన్నది ఎవరు? తనేనా?

“బాబాయ్,” అంది. “బాబాయ్... వాన పడుతోంది. చాలా రోజుల్నుంచి పడుతోంది. నేనే చెప్పలేదు.”

కడ్డీకి ఉన్న గొడుగు తీసి విప్పబోయింది. పుల్లలకు తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. రెండు చేతులా తోసింది. చివరికి టప్పుమంది. తనకు తెలియకుండానే కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి. వెళ్ళినందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

ఆ మిగిలిన రోజులు సందు దొరికితే చాలు అతని దగ్గరే ఉంది. తెల్లారింది బాబాయ్ అంది, పక్కకి తిప్పుతున్నా అంది, మనవరాలికి కొత్త పన్ను వచ్చే ఉంటుంది అంది. పాత కబుర్లాయమ్మ అయితే నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు ప్రతి మాటా కాళ్ళ మీద పడ్డట్టే ఉంది. క్షమించమన్న మాట మాత్రం పైకి అనలేకపోయింది. వినేవాడైతే అతని మీద ఇంకో బరువు వేసినట్టు అవుతుందని భయం. ఒక మధ్యాహ్నం, వాన తెరిపిచ్చిన వేళ, బాబాయి ఊపిరి ఆగిపోయింది. అతని చెయ్యి ఆయమ్మ చేతిలోనే ఉంది. తన చెయ్యి అక్కడ ఉందని అతనికి తెలుసో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం కూతురు వచ్చింది. బాబాయిని తీసుకెళ్ళడానికి అల్లుడు బయట బండి మాట్లాడుతున్నాడు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. సామాన్లు సంచిలో పెట్టుకుంటూ, గొడుగు చేతిలోకి తీసుకుని ఆగింది.

“ఈ మధ్య సరిగ్గా రాలేకపోయాను ఆయమ్మా. ఆదివారం కూడా తప్పిపోయింది.”

“పనులున్న పిల్లవి.”

“వచ్చినా మాట్లాడబుద్ధి అయ్యేది కాదు. ఎవరితో మాట్లాడను? దీపం చెప్పేసిందిగా.” ఆమె ఆయమ్మ కళ్ళలోకి చూసింది. “నాన్నకేమీ తెలీదు కదా? నేను రావడం లేదని ఆయనకి తెలీదు కదా ఆయమ్మా?”

ఖాళీ మంచం దగ్గర తన నుదుటి మీద పట్టీ, వెలగని దీపం, మేడం మాట, అన్నీ ఆయమ్మ నాలిక చివరిదాకా వచ్చాయి. ఈ పిల్ల ఇంటికెళ్ళి అన్నం తినాలి, కూతురికి జడ వేయాలి, మళ్ళీ కొట్టుకి వెళ్ళాలి.

“తెలీదు తల్లీ,” అంది. “ఏమీ తెలీదు. ప్రశాంతంగా ఉన్నాడు.”

కూతురు ఆమెను కావలించుకుని కాసేపు ఏడ్చి, గేటు దగ్గర గొడుగు విప్పుకుని వానలో వెళ్ళిపోయింది. ఆ టప్పుమన్న చప్పుడు కిటికీ దాకా వినబడింది. ఆ పిల్ల బరువు ఎంతోకొంత తగ్గింది. తగ్గినదంతా ఎక్కడికి వచ్చిందో ఆయమ్మకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుంది. దేవుడితో ఏమీ చెప్పలేకపోయింది. లోపల మాట్లాడేది ఎవరు, వినేది ఎవరు, అసలు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ కూర్చుంది. కోడలు టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. టీ చల్లారిపోయింది.

వార్డులో కిటికీ పక్క మంచానికి అప్పటికే కొత్త దుప్పటి పరిచారు. ఆయమ్మ చేతులు కడుక్కుని, తువ్వాల్లో చుట్టుకుని, ఆ మంచం ముందు నిలబడింది. బకెట్టమ్మ తుడుచుకుంటూ వచ్చి, ఆమెను చూసి కర్ర ఆపింది.

“అక్కా, నీ మీద జోకేశానని కోపమా? నా నోటికి తాళం లేదే. నీ లోపల ఎవరూ లేకపోవడమేంటి? నీ లోపల పదిమంది ఉంటారు, అందరూ ఒక్కసారే మాట్లాడతారు.”

“కోపం లేదే. కాస్త ఇలా కూర్చో. నీతో పనుంది.”

“నేల తడిగా ఉంది.”

“అయితే నిలబడే విను. ఎప్పుడైనా నేను ఇలాంటి మంచంలో పడితే...”

“పొద్దున్నే అవేం మాటలు!”

“విను. నా దీపం వెలగదు. నువ్వు చూశావు కదా, మెలకువగా ఉన్నప్పుడే వెలగలేదు. అప్పుడేం వెలుగుతుంది? నా కొడుకూ కోడలూ మంచివాళ్ళే. గోడ వైపు చూస్తారు, చూసి చూసి రావడం మానేస్తారు. వాళ్ళని ఏమీ అనకు. నువ్వు మాత్రం తుడవడానికి వచ్చినప్పుడు నా పాదం పట్టుకుని తెల్లారిందని చెప్పు. వానో ఎండో చెప్పు. మీ ఆయన్ని తిట్టు, నాకు సరదాగా ఉంటుంది.”

బకెట్టమ్మ కళ్ళు తుడుచుకుంది. “చెప్తాలేవే. రోజూ చెప్తా.”

“రోజూ చెప్పలేవు. ఒకరోజు మర్చిపోతావు. నేనూ మర్చిపోయాను.” ఆయమ్మ ఖాళీ మంచం మీద దుప్పటి ముడత సరిచేసింది. “మర్చిపోయిన మర్నాడు, నిన్న పలకరించలేదే, ఇవాళ ఏ ముఖం పెట్టుకుని మాట్లాడనని సిగ్గుపడతావు చూడు, ఆ సిగ్గు పడకు. ఎన్ని రోజులు మానేసినా సరే, వచ్చి మళ్ళీ మొదలుపెట్టు. నేను ఏమీ అనుకోను. అంతవరకు చేసిపెట్టవే, నీకు దణ్ణం పెడతాను.”